బోసి గోడకు కర్టెన్ గుడ్డ

ప్రియమైన పిల్లలకు,

పడకగది గోడ బోసిగా ఉందని, ఏదైనా అంటిస్తే పెయింటు పెచ్చులుగా ఊడొస్తోందని అంటున్నారు కదా. నన్నడిగితే, మంచం తలవైపు గోడకు కర్టెన్ గుడ్డ వేలాడదీయండి. కిటికీ లేకపోతే కర్టెన్ ఎందుకు అనుకోకండి. మధ్యయుగాల్లో యూరప్ కోటల్లో రాతి గోడలకు బొమ్మలు నేసిన బరువైన వస్త్రాలు వేలాడదీసేవారు. గది కాస్త వెచ్చగా ఉండేది, గోడ నిండుగా కనిపించేది. మకాం మార్చినప్పుడు వాటిని చుట్టి వెంట తీసుకెళ్లేవారు. హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండే మీకు ఆఖరి సంగతే బాగా పనికొస్తుంది.

అందరూ పొరపడేది గుడ్డ కొనే దగ్గరే. గోడ ఎంత వెడల్పో అంతే కొంటారు. అది కుచ్చులు లేకుండా బిగుసుకుని, ఆరేసిన దుప్పటిలా కనిపిస్తుంది. గోడకు అందం తెచ్చేది కుచ్చులే. అందుకని కప్పాల్సిన వెడల్పుకి రెట్టింపు గుడ్డ లెక్క వేయండి. 6 అడుగులంటే 72 అంగుళాలు, దానికి రెట్టింపు 144. గుడ్డ పన్నా, అంటే అడ్డం వెడల్పు, 48 అంగుళాలైతే మూడు ముక్కలు కావాలి. రాడ్ నుంచి నేలదాకా 102 అంగుళాలు ఉందనుకుందాం. కింద మడతకు 8, పైన 4 కలిపితే ఒక్కో ముక్క 114 అంగుళాలు, అంటే దాదాపు 2.9 మీటర్లు. మొత్తం 9 మీటర్లు తీసుకుంటే సరిపోతుంది. పెద్ద డిజైను ఉన్న గుడ్డయితే ముక్కల మధ్య పువ్వుకి పువ్వు కలవాలి కాబట్టి ప్రతి ముక్కకీ ఒక డిజైను నిడివి, అంటే అదే పువ్వు మళ్లీ వచ్చేంత పొడవు, అదనంగా వేసుకోండి.

అంత గుడ్డకు డబ్బు చాలకపోతే నాసిరకం కొనొద్దు, పలుచగా లాగి సరిపెట్టొద్దు. కప్పే వెడల్పే తగ్గించండి. మంచం వెడల్పు మేరకు నిండుగా కుచ్చులు పడితే చాలు, మిగతా గోడ ఖాళీగా ఉన్నా బాగుంటుంది.

రంగు విషయంలో నా ఓటు డిజైను లేని గుడ్డకే. పక్క గోడకు కిటికీ ఉంటే వెలుతురు ఏటవాలుగా పడి, ఒక్కో మడతలో ఒక వైపు లేతగా, ఒక వైపు ముదురుగా కనిపిస్తుంది. ఒకే రంగు గుడ్డలో నాలుగైదు ఛాయలు తేలతాయి. పెద్ద పెద్ద పువ్వులు కుచ్చుల్లో సగం మునిగిపోతాయి. అలాంటి గుడ్డే నచ్చితే కుచ్చులు మానేసి, పైనా కిందా గొట్టంలా కుట్టించి సన్నటి కర్రలు దూర్చి, పటంలా వేలాడదీయండి. వెల్వెట్ తీసుకుంటే ఒకసారి చేత్తో నిమిరి చూడండి. ఒక వైపు నిమిరితే మెరుస్తుంది, ఎదురు నిమిరితే ముదురుగా మారుతుంది. ముక్కలన్నీ ఒకే వైపు ఉండేలా కుట్టకపోతే రెండు రంగుల గుడ్డ అతికించినట్టు ఉంటుంది. కాటన్ అయితే కత్తెర పెట్టకముందే ఉతికి ఆరేయండి, తర్వాత కుంచించుకుపోయి నేలకు జానెడు ఎత్తున వేలాడకుండా ఉంటుంది.

రాడ్‌ని వీలైనంత సీలింగుకి దగ్గరగా బిగించండి, గది ఎత్తుగా అనిపిస్తుంది. గుడ్డ బరువు తక్కువేం కాదు, మేకులతో సరిపెట్టుకోకుండా డ్రిల్ చేసి, చిల్లుల్లో స్క్రూలు పట్టే ప్లగ్గులు పెట్టించండి. గోడకు చిల్లులు పెట్టనివ్వకపోతే పలుచని కాటన్‌ని చిక్కటి గంజిలో ముంచి, పెయింటు ఊడకుండా గట్టిగా ఉన్న నున్నటి గోడకు అతికించే పద్ధతి ఉంది. ఖాళీ చేసేటప్పుడు తడిపి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. కాకపోతే రంగు దిగే గుడ్డలున్నాయి, ముందు చిన్న ముక్క ఒక మూల అతికించి చూసుకోండి.

చెమ్మ ఉన్న గోడకు మాత్రం ఈ పని చేయకండి. గుడ్డ వెనక బూజు పట్టి, మీరు రాత్రంతా ఆ గాలే పీలుస్తారు. ముందు చెమ్మ సంగతి చూడండి. గోడ పొడిగా ఉన్నా, వేలాడదీసే గుడ్డకీ గోడకీ మధ్య రెండు మూడు అంగుళాల సందు ఉంచండి. స్విచ్ బోర్డుల మీద గుడ్డ కప్పొద్దు. వేడెక్కే బల్బు, హీటరు, కొవ్వొత్తి దాని దగ్గరికి రానీయొద్దు. ఇందులో నా మాట తీసేయకండి.

మందపాటి గుడ్డ కుచ్చులతో వేలాడితే ఖాళీ గదిలో మాట మోగడం తగ్గుతుంది. పక్క గదిలో టీవీ శబ్దం మాత్రం ఆగదు, దానికోసమని ఖర్చు పెట్టకండి.

కొనేముందు ఇంట్లో ఉన్న పాత దుప్పట్లు రెండు మూడు అదే ఎత్తున, అన్నే కుచ్చులతో తగిలించి రెండ్రోజులు చూడండి. ఉదయం ఎలా ఉందో, రాత్రి లైటు వేశాక ఎలా ఉందో గమనించండి. గది ఇరుకుగా అనిపిస్తే లేత రంగుకి వెళ్లండి. తర్వాత కొలతలు రాసుకుని నాకు పంపండి, ఎన్ని మీటర్లు కావాలో లెక్క చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ