అబ్జర్వేషన్ కోడింగ్: అపోహలు – వాస్తవాలు

అమెరికా ఆసుపత్రుల్లో, రోగిని చేర్చుకోవాలా ఇంటికి పంపాలా అని తేల్చుకునేవరకు పరిశీలనలో ఉంచడాన్ని అబ్జర్వేషన్ అంటారు. 2023 జనవరి 1 నుంచి అమెరికన్ మెడికల్ అసోసియేషన్, డాక్టర్ల సేవలను బిల్లులో సూచించే సీపీటీ అనే తన కోడ్ల జాబితాలో అబ్జర్వేషన్‌కు విడిగా ఉన్న ఏడు కోడ్లను, అంటే 99217ను, 99218 నుంచి 99220 వరకు ఉన్న మూడింటిని, 99224 నుంచి 99226 వరకు ఉన్న మూడింటిని తొలగించి, ఆ సేవలను, అధికారికంగా చేర్చుకున్న రోగులకు వాడే ఇన్‌పేషెంట్ కోడ్లలో కలిపివేసింది. అప్పటి నుంచి రోగి ఇన్‌పేషెంట్ అయినా, అబ్జర్వేషన్‌లో ఉన్నా మొదటి విజిట్‌కు 99221–99223, తరువాతి రోజుల విజిట్లకు 99231–99233, డిశ్చార్జికి 99238 లేదా 99239 వాడుతున్నాము. చేరిన రోజునే డిశ్చార్జి అయ్యేవారి కోసం 99234–99236 మునుపటిలాగే ఉన్నాయి. హైదరాబాద్‌లో కూర్చుని అక్కడి రోగుల చార్టులను ఆడిట్ చేసే నాకు, మార్పు వచ్చిన తొలి నెలల గందరగోళంలో జరిగిన తప్పులకంటే, "అన్నీ కలిసిపోయాయి కదా, ఇక తేడా ఏముంది" అనే ధీమాతో ఇప్పటికీ జరుగుతున్న తప్పులే ఎక్కువగా కనిపిస్తున్నాయి. కలిసినవి డాక్టర్ల కోడ్లు మాత్రమే. రోగి స్టేటస్, అంటే ఇన్‌పేషెంటా, చేర్చుకోని అవుట్‌పేషెంటా అన్నది, ఎక్కడా కలవలేదు.

అపోహ: అబ్జర్వేషన్ రోగి కూడా ఇప్పుడు ఇన్‌పేషెంటే.

వాస్తవం: రాత్రంతా ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషిని మన ఇళ్లలో "అడ్మిట్ అయ్యారు" అనే అంటాము. అమెరికా బిల్లింగ్‌లో మాత్రం డాక్టరు అడ్మిషన్ ఆర్డరు రాయనంతవరకు, రెండు రాత్రులు గడిచినా ఆ వ్యక్తి అవుట్‌పేషెంటే. 2013 అక్టోబరు నుంచి అమలులో ఉన్న రెండు అర్ధరాత్రుల నిబంధన ప్రకారం, చికిత్స రెండు అర్ధరాత్రులు దాటుతుందని డాక్టరు సహేతుకంగా భావిస్తే ఇన్‌పేషెంట్ అడ్మిషన్ సాధారణంగా సరైనదవుతుంది; ఆ అంచనా డాక్టరుదే తప్ప కోడరుది కాదు. అందువల్ల చార్టు తెరవగానే నేను ముందుగా వెతికేది ఆర్డరును. క్లెయిమ్‌లో (బీమాకు పంపే బిల్లులో) సేవ అందిన చోటును తెలిపే ప్లేస్ ఆఫ్ సర్వీస్ కోడు ఇన్‌పేషెంట్‌కు 21, ఆసుపత్రి ప్రాంగణంలోని అబ్జర్వేషన్‌కు 22. ఇప్పుడు సీపీటీ కోడును చూసి స్టేటస్ చెప్పగలిగే వీలు పోయింది కాబట్టి, ఈ రెండంకెల విలువ మునుపటికంటే పెరిగింది.

ఈ తేడా రోగి జేబుకు కూడా తగులుతుంది. మెడికేర్ అంటే ప్రధానంగా వృద్ధుల కోసం ఉన్న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా. సాంప్రదాయ మెడికేర్, అంటే ప్రభుత్వమే నేరుగా నడిపే రకం, ఉన్న వృద్ధులకు డిశ్చార్జి తరువాత నర్సుల సంరక్షణ కొనసాగే స్కిల్డ్ నర్సింగ్ కేంద్రం ఖర్చు లభించాలంటే వరుసగా మూడు రోజుల ఇన్‌పేషెంట్ స్టే ఉండాలి. అబ్జర్వేషన్‌లో గడిచిన సమయం ఆ లెక్కలోకి రాదు. అందుకే అబ్జర్వేషన్ 24 గంటలు దాటిన మెడికేర్ రోగికి, అది మొదలైన 36 గంటలలోపు, "మీరు అవుట్‌పేషెంట్" అని తెలిపే మూన్ అనే నోటీసును ఆసుపత్రి ఇవ్వవలసి ఉంటుంది. 2023 మార్పు దీనిలో ఒక్క అక్షరాన్నీ తాకలేదు. ఆసుపత్రి తన వంతు బిల్లులో గంటల లెక్కన వేసే జి0378 అనే అబ్జర్వేషన్ కోడు, దానితో పాటు ఆ ఖర్చు ఏ రకానిదో చెప్పే 0762 రెవెన్యూ కోడు కూడా అలాగే ఉన్నాయి. డాక్టరు కోడ్లతో పాటు ఇవి కూడా పోయాయనుకుంటే ఆసుపత్రి క్లెయిమ్ అసంపూర్ణమవుతుంది.

అపోహ: 99218 స్థానంలో 99221, 99219 స్థానంలో 99222, 99220 స్థానంలో 99223 వేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఈ పొరపాటు నేనూ చేశాను. అప్పట్లో మా బృందం కోసం ఎడమవైపు పాత కోడు, కుడివైపు కొత్త కోడు ఉన్న ఒక పట్టిక తయారుచేశాను. వారం తిరగకముందే దానిని తీసివేయవలసి వచ్చింది. పాత పద్ధతిలో మొదటి విజిట్‌కు హిస్టరీ, ఎగ్జామ్, డాక్టరు తీసుకున్న నిర్ణయాల క్లిష్టత అనే మూడూ ఆ స్థాయిని అందుకోవాలి. ఛాతీనొప్పితో వచ్చిన రోగి విషయంలో నిర్ణయం అత్యంత క్లిష్టమైనదే అయినా, కుటుంబ చరిత్ర అనే ఒక్క పంక్తి నోట్‌లో లేకపోతే హిస్టరీ ఒక మెట్టు తగ్గి మొత్తం విజిట్ 99218కి దిగిపోయేది. ఇప్పుడు స్థాయిని నిర్ణయించేది ఎం.డి.ఎం. (పైన చెప్పిన నిర్ణయాల క్లిష్టత) లేదా ఆ తేదీన డాక్టరు వెచ్చించిన మొత్తం సమయం. అదే నోట్ ఈనాడు 99223 కావచ్చు. నా పట్టిక మాత్రం దానిని 99221గానే చూపేది. దీనికి తోడు, హిస్టరీ, ఎగ్జామ్ ఇక రాయనక్కరలేదనే మాట కూడా వినిపిస్తూ ఉంటుంది. వాటిని లెక్కపెట్టనక్కరలేదు, అంతే. వైద్యపరంగా తగినంత రాయవలసిందే.

అపోహ: రోగి ఎన్ని గంటలు ఉంటే అంత పెద్ద కోడు.

వాస్తవం: ఇక్కడ మూడు గడియారాలు నడుస్తూ ఉంటాయి, ఒకదానిలో చూడవలసిన సమయాన్ని మరొకదానిలో చూడడమే ఈ అపోహకు మూలం. మొదటిది డాక్టరు గడియారం: 99221కి 40, 99222కి 55, 99223కి 75 నిమిషాలు ఆ తేదీన పూర్తి కావాలి. రికార్డులు చదవడం, ఆర్డర్లు పెట్టడం, నోట్ రాయడం ఇందులో కలుస్తాయి. నర్సు గడిపిన సమయం కలవదు. రెండవది రోగి గడియారం, దీనిని మెడికేర్ 8 గంటల నిబంధన కోసం చూస్తుంది; స్టే 8 గంటలకు తక్కువైతే డిశ్చార్జి కోడు రాదన్నదే ఆ నిబంధన. మూడవది క్యాలెండర్. రాత్రి 11 గంటలకు అబ్జర్వేషన్ మొదలై తెల్లవారుజామున 5 గంటలకు రోగి ఇంటికి వెళ్లిపోతే తేదీలు రెండు కనిపిస్తాయి, కానీ గడిచింది 6 గంటలే కనుక మెడికేర్‌కు మొదటి విజిట్ కోడు మాత్రమే వేయాలి, డిశ్చార్జి కోడు రాదు. ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు ఉంటే 11 గంటలు, ఒకే తేదీ. అప్పుడు 99234–99236 వస్తాయి. ఆ కోడ్లకు చేరిక విజిట్ ఒకటి, డిశ్చార్జి విజిట్ ఒకటి విడివిడిగా నోట్‌లో ఉండాలి.

అపోహ: అబ్జర్వేషన్ నుంచి ఇన్‌పేషెంట్‌గా మారితే మళ్లీ మొదటి విజిట్ బిల్ చేయవచ్చు.

వాస్తవం: అది కొత్త స్టే కాదు. అదే డాక్టరు గాని, అదే గ్రూపులో అదే స్పెషాలిటీకి చెందిన మరొక డాక్టరు గాని ఆ స్టేలో అప్పటికే చూసి ఉంటే, తరువాతిది 99231–99233లోనే పడుతుంది.

అపోహ: కోడు రద్దయ్యాక కొన్ని వారాలు వెసులుబాటు ఉంటుంది.

వాస్తవం: మెడికేర్ అటువంటి 90 రోజుల గడువును 2005లోనే ఎత్తివేసింది. చూడవలసింది బిల్లు పంపిన తేదీని కాదు, సేవ అందిన తేదీని. 2022 డిసెంబరు 31న మొదలై జనవరి 2న ముగిసిన స్టేలో మొదటి రోజుకు పాత కోడు, మిగిలిన రెండు రోజులకు కొత్త కోడ్లు పడతాయి. తప్పితే బిల్లును తిరస్కరిస్తూ తిరిగివచ్చే డినయల్ కోడు 181, అంటే సేవ అందిన తేదీన ఆ ప్రొసీజరు కోడు చెల్లదని.

అపోహ: అబ్జర్వేషన్ రోగిని చూసిన ప్రతి స్పెషలిస్టుకూ 99221–99223 వర్తిస్తుంది.

వాస్తవం: ఇది పేయరును, అంటే బిల్లు చెల్లించే బీమా సంస్థను బట్టి మారుతుంది. సీపీటీ ప్రకారం, సలహా కోసం పిలిచిన డాక్టరు వాడే కన్సల్టేషన్ కోడ్లు 99252–99255 ఇప్పుడు అబ్జర్వేషన్‌కూ వర్తిస్తాయి. అయితే మెడికేర్ 2010 నుంచి కన్సల్టేషన్ కోడ్లకు చెల్లించడమే లేదు. పైగా అబ్జర్వేషన్‌కు ఆర్డరు ఇచ్చి ఆ రోగి బాధ్యతను వహించే డాక్టరుకే ఈ కొత్త ఉమ్మడి కోడ్లను అనుమతించింది. సలహా కోసం పిలిచిన కార్డియాలజిస్టు మెడికేర్‌కు 99202–99215 శ్రేణిలోని అవుట్‌పేషెంట్ కోడే వేయాలి. అదే రోగి ఇన్‌పేషెంట్ అయి ఉంటే ఆయనకూ 99221–99223 వచ్చేవి. అందుకే మా ఆడిట్ షీటులో మొదటి గడి పేయరు పేరు, రెండవది ఆర్డరులో ఉన్న స్టేటస్. ఆ రెండూ నిండిన తరువాతే కోడు గడిని నింపుతాము.