‘హార్ట్ ఫెయిల్యూర్’ అని రాస్తే ఎందుకు చాలడం లేదు?

అమెరికా ఆసుపత్రుల ఛార్టులను హైదరాబాద్‌లో కూర్చుని కోడ్ చేసే, అంటే అందులోని జబ్బులకు కోడ్ నంబర్లు వేసే మనవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే చిక్కే. నిమోనియాతో చేరిన పేషెంట్‌కు ఆయాసం పెరిగింది, కాళ్లు వాచాయి. ఎకో (గుండె స్కాన్)లో ఈజెక్షన్ ఫ్రాక్షన్, అంటే ఒక్కో కొట్టుకోలులో గుండె బయటికి పంపే రక్తం వాటా, 30 శాతం; ఇది బాగా తక్కువ. ఒంట్లో చేరిన నీరు తీసే ఫ్యూరోసెమైడ్ నరానికి ఇస్తున్నారు. డాక్టర్ మాత్రం ‘సీహెచ్ఎఫ్’ (కంజెస్టివ్ హార్ట్ ఫెయిల్యూర్) అని రాసి వదిలేశారు. దానికి పడే కోడ్ ఐ50.9, అంటే ఏ రకమో చెప్పని హార్ట్ ఫెయిల్యూర్. ‘అక్యూట్ ఆన్ క్రానిక్ సిస్టాలిక్’ (గుండె గట్టిగా ముడుచుకోలేని పాత జబ్బు ఇప్పుడు ఉన్నట్టుండి ముదిరింది) అని ఉంటే ఐ50.23 అయ్యేది. ఎకో రిపోర్టు కళ్లెదుటే ఉన్నా, ఆ అంకె చూసి జబ్బు తేల్చే అధికారం కోడర్‌కు లేదు.

1983లో అమెరికా ప్రభుత్వ వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్, కేసులను గ్రూపులుగా విడగొట్టే డీఆర్‌జీ పద్ధతి తెచ్చి, జబ్బును బట్టి ఆసుపత్రికి ఇంత అని ముందే లెక్కకట్టడంతో కోడ్‌కూ డబ్బుకూ ముడిపడింది. 2002 అక్టోబరులో అప్పటి జబ్బుల కోడ్‌ల జాబితా ఐసీడీ-9లోకి సిస్టాలిక్, డయాస్టాలిక్ (గుండె సరిగా సడలలేని రకం) కోడ్‌లు వచ్చినా డాక్టర్ల రాత పెద్దగా మారలేదు. రకం చెప్పని సీహెచ్ఎఫ్‌కు ఆ జాబితాలో ఉన్న పాత కోడ్ 428.0 వేసినా అది తోడు జబ్బుగా లెక్కకు వచ్చేది మరి.

అసలు మలుపు 2007 అక్టోబరు. 538 పాత డీఆర్‌జీ గ్రూపులు పోయి, జబ్బు తీవ్రతను కూడా లెక్కేసే 745 ఎంఎస్-డీఆర్‌జీలు వచ్చాయి. 428.0కు ఆ లెక్కలో విలువ లేకుండా పోయింది. క్రానిక్ సిస్టాలిక్ అయితే సీసీ (లెక్కకు వచ్చే తోడు జబ్బు), అక్యూట్ అయితే ఎంసీసీ (పెద్ద తోడు జబ్బు). ఒక్క మాట లేకపోతే పేషెంట్ ఎంత సీరియస్‌గా ఉన్నాడో రికార్డులో కనిపించదు. రాత స్పష్టం చేయమని డాక్టర్లకు క్వెరీలు (రాతపూర్వక ప్రశ్నలు) పంపే సీడీఐ (రికార్డుల రాతను మెరుగుపరిచే) విభాగాలు ఊపందుకున్నది ఆ తర్వాతే.

ఈలోగా కార్డియాలజిస్టులు హెఫ్‌రెఫ్, హెఫ్‌పెఫ్ అనడానికి అలవాటు పడ్డారు. వరుసగా పంపింగ్ తగ్గిన రకం, తగ్గని రకం. ఇంతకంటే స్పష్టంగా డాక్టర్ ఏం రాయాలి? అయినా అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ వారి త్రైమాసిక పత్రిక, కోడర్లకు మార్గదర్శి అయిన ‘కోడింగ్ క్లినిక్’, వాటిని సిస్టాలిక్, డయాస్టాలిక్‌గా అనుకోవద్దని 2014లో చెప్పింది. 2016 మొదటి సంచికలో మళ్లీ సరేనంది. నా ఉద్దేశంలో ఆ రెండేళ్లూ డాక్టర్లకూ కోడర్లకూ అనవసరపు టెన్షనే. 2017 అక్టోబరులో కుడివైపు గుండె ఫెయిల్యూర్‌కూ, చివరి దశకూ విడిగా కోడ్‌లు వచ్చాయి.

ఇదంతా బిల్లు గొడవేనని కొట్టిపారేయడం తప్పు. ఈ రెండు రకాలకూ వైద్యం ఒకేలా ఉండదు. పంపింగ్ తగ్గినవాళ్లకు బీటా బ్లాకర్లు ఆయుష్షు పెంచుతాయని రుజువైంది; రెండో రకంలో అలాంటి రుజువు లేదు. రకం రాయని డిశ్చార్జ్ సమ్మరీ చేతికొస్తే తర్వాత చూసే డాక్టర్ పాత ఎకో కోసం వెతుక్కోవాలి.

అలాగని క్వెరీలో జవాబు అందించేయకూడదు, డబ్బు ఊసు అసలే ఎత్తకూడదు. ఎకో అంకె, లక్షణాలు, ఇచ్చిన మందులు ముందుపెట్టి, రకమూ తీవ్రతా ఏమిటని అడగాలి. ఆప్షన్లు ఇస్తే వాటిలో ‘ఇతరం’, ‘నిర్ధారించలేం’ కూడా ఉండాలి.