కాస్ట్ రికార్డింగ్ విని పాట నేర్చుకునేవాళ్ల కోసం: క్యాండీడ్ మీద అపోహలు - వాస్తవాలు

ఆడిషన్లు మొదలయ్యాయంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, మా పాపకి క్యాండీడ్‌లో రోల్ వచ్చింది, ఒరిజినల్ కాస్ట్ రికార్డింగ్ కొనిచ్చాం, రోజూ కార్లో అదే పెడుతున్నాం, సరిపోతుంది కదా?" అని. (క్యాండీడ్ బ్రాడ్‌వేలో పుట్టిన మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం. ఒరిజినల్ కాస్ట్ రికార్డింగ్ అంటే దాన్ని మొదట స్టేజి మీద వేసినవాళ్లే పాడిన రికార్డు.) నేను న్యూజెర్సీలో మ్యూజికల్స్ రిహార్సల్స్‌కి పియానో వాయిస్తాను, పిల్లలకి పాటలు కోచింగ్ ఇస్తాను, ఇది నా రోజూ పని. సరిపోదండీ. ఎందుకు సరిపోదో ఫోన్లో అయిదు నిమిషాల్లో చెప్పడం కుదరట్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఒరిజినల్ కాస్ట్ రికార్డింగే అసలు షో, తర్వాత వచ్చినవన్నీ దానికి కాపీలు.

పిల్లల టైము, తల్లిదండ్రుల డబ్బు అన్నిటికంటే ఎక్కువ తినేస్తున్న అపోహ ఇదే. మిగతా మ్యూజికల్స్ సంగతి ఎలా ఉన్నా క్యాండీడ్ విషయంలో మాత్రం ఇది పూర్తిగా తప్పు, ఎందుకంటే ఈ షోకి "అసలు" అని వేలు పెట్టి చూపించే వెర్షన్ అంటూ ఒకటి లేదు.

దీనికి సంగీతం కట్టిన లియొనార్డ్ బెర్న్‌స్టైన్ దీన్ని కామిక్ ఆపరెటా, అంటే నవ్వించే తేలికపాటి ఆపెరా, అన్నాడు. ఫ్రెంచి రచయిత వోల్టేర్ 1759లో రాసిన కథకి లిలియన్ హెల్మన్ స్క్రిప్టు రాసింది, పాటలు ఎక్కువ భాగం రిచర్డ్ విల్బర్, ఇంకా జాన్ లటూష్, డొరొతీ పార్కర్, కొన్ని చోట్ల బెర్న్‌స్టైన్ కూడా. 1956 డిసెంబర్ 1న బ్రాడ్‌వేలో మొదలైంది, 73 షోలకే మూతపడింది. షో పోయింది కానీ కొలంబియా వాళ్లు తీసిన ఎల్పీ మాత్రం నిలబడిపోయింది, జనం ఏళ్ల తరబడి దాన్నే వింటూ ఈ సంగీతాన్ని బతికించారు. ఆ రికార్డు మీద నాకు ఎంత గౌరవం ఉందో మాటల్లో చెప్పలేను. కానీ ఎల్పీ ఒక్కో వైపు పట్టేది పాతిక నిమిషాల చుట్టుపక్కలే, రెండు గంటలు దాటే షోని అందులోకి ఎక్కించాలంటే డైలాగులు పోతాయి, సీనుకి సీనుకి మధ్య వచ్చే మ్యూజిక్ పోతుంది. మన పద్యనాటకాల గ్రామఫోను ప్లేట్లు విన్నవాళ్లకి ఇది తెలిసిన సంగతే, స్టేజి మీద రాగం లాగి లాగి వన్స్‌మోర్‌లు కొట్టించుకున్న పద్యం ప్లేటు మీద మూడు నిమిషాల్లో అయిపోతుంది, ఆ ప్లేటు విని నాటకం ఇంతే అనుకుంటే ఎలా?

అసలు తిరకాసు తర్వాత వచ్చింది. 1973లో డైరెక్టర్ హాల్ ప్రిన్స్ బ్రూక్లిన్‌లో దీన్ని మళ్లీ స్టేజి ఎక్కించినప్పుడు హెల్మన్ స్క్రిప్టు మొత్తం తీసేసి హ్యూ వీలర్‌తో కొత్తది రాయించాడు, ఇంటర్వెల్ లేకుండా ఒకే అంకం చేశాడు, కొన్ని పాటలకి స్టీఫెన్ సాండ్‌హైమ్ కొత్త మాటలు రాశాడు, ఆర్కెస్ట్రా 13 మందికి తగ్గింది. అది 1974లో బ్రాడ్‌వేకి వచ్చి 740 షోలు ఆడింది. దాని రికార్డింగ్ డైలాగులతో సహా రెండు ఎల్పీలు. 1956 ఎల్పీ, ఇది పక్కపక్కన పెట్టి వినండి, రెండూ ఒకే షో అని ముందు తెలియకపోతే నమ్మరు. 1956లో షో రెండో సగంలో, వెనిస్ సీన్లో వచ్చే గావాట్ అనే డాన్సు ట్యూన్ ఉంది కదా, 1974లో అదే ట్యూన్ "లైఫ్ ఈజ్ హ్యాపీనెస్ ఇన్‌డీడ్" అయిపోయి షో మొదట్లోనే వచ్చేస్తుంది. కథలో హీరో క్యాండీడ్‌కి గురువైన ప్యాంగ్లాస్ పాఠం చెప్పే పాట, "ద బెస్ట్ ఆఫ్ ఆల్ పాసిబుల్ వరల్డ్స్", పేరు అదే, మాటలు మాత్రం వేరు.

సరిగ్గా ఆ పాట దగ్గరే ఒక అబ్బాయి ఇరుక్కున్నాడు. తెలుగు వాళ్లబ్బాయే, హైస్కూలు, ఒక కమ్యూనిటీ గ్రూపులో ప్యాంగ్లాస్ వేషం వచ్చింది. క్రిస్మస్ సెలవులన్నీ కూర్చుని 1956 రికార్డింగ్ విని విని పాట మొత్తం కంఠస్థం పట్టేశాడు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా ఆ రికార్డింగ్‌లో ప్యాంగ్లాస్‌గా పాడిన మాక్స్ ఏడ్రియన్‌ని విని కాపీ. మొదటి రిహార్సల్లో చేతికిచ్చిన స్కోరు (నోట్స్, మాటలు అచ్చేసిన పుస్తకం) 1974ది. పక్కవాళ్లంతా పేజీ చూసి పాడేస్తున్నారు, వీడి నోట్లోంచి పాత మాటలే వస్తున్నాయి, ఆపి మళ్లీ మొదలుపెడితే మళ్లీ అవే. ఆ రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేసి "వీడికి మ్యూజిక్ రాదేమో అక్కా, మాన్పించేయమంటారా" అని అడిగింది, గొంతులో ఏడుపు తెలుస్తూనే ఉంది. వాడి టాలెంట్‌కి ఏ లోటూ లేదు, ఏ వెర్షన్ వేస్తున్నారో ముందే చెప్పినవాళ్లు లేరు, అంతే. అలవాటైన మాటల్ని చెరిపి కొత్తవి ఎక్కించడం మొదటిసారి నేర్చుకోవడం కంటే కష్టం, అయినా కూర్చోబెట్టి ట్యూన్ తీసేసి ఉత్త మాటలే రిథమ్‌లో చెప్పించాను, తర్వాత మెల్లగా ట్యూన్‌లోకి. షోలో బాగా చేశాడు.

కాబట్టి పాట మొదలుపెట్టే ముందు డైరెక్టర్‌నో మ్యూజిక్ డైరెక్టర్‌నో ఒక్క మాట అడగండి, ఏ వెర్షన్ అని. స్కోరు మొదటి పేజీలో స్క్రిప్టు ఎవరిది, అదనపు మాటలు ఎవరివి అని అచ్చేసి ఉంటుంది. హ్యూ వీలర్ పేరు ఉంటే 1956 రికార్డింగ్‌ని నమ్ముకోవద్దు. వీలర్ పేరున్నంత మాత్రాన 1974దే అని కూడా ఫిక్స్ అయిపోకండి. 1982లో న్యూయార్క్ సిటీ ఆపెరా కోసం చేసిన రెండంకాల వెర్షన్ ఉంది, తర్వాత స్కాటిష్ ఆపెరా వాళ్లది 1988లో, లండన్ నేషనల్ థియేటర్ వాళ్లది 1999లో. ఒక్కోదానిలో పాటల వరుస ఒక్కోలా ఉంటుంది.

అపోహ: బార్బరా కుక్ పాడినట్టు పాడితేనే "గ్లిటర్ అండ్ బీ గే" పాడినట్టు.

ఇది గొంతుల మీదకి వస్తోంది కాబట్టి దీని దగ్గర కూడా కాసేపు ఆగుతా. 1956లో హీరోయిన్ క్యూనెగాండ్ వేషం వేసి ఈ పాట పాడింది బార్బరా కుక్, వారానికి ఎనిమిది షోలు. పాట సీ మైనర్‌లో ఏడుపుతో మొదలవుతుంది, నా బతుకు ఇలా అయిపోయిందే అని, ఉన్నట్టుండి ఈ-ఫ్లాట్ (E♭) మేజర్‌లోకి దూకి నగలు చూసుకుంటూ నవ్వులు, ఆ "హ హ హ"లన్నీ నోట్స్ మీదే పాడాలి, అవి పైకి పైకి పోయి హై సీ దాటి ఈ-ఫ్లాట్ (E♭) నోట్ దాకా వెళ్తాయి. రికార్డింగ్‌లో అది ఎంత తేలిగ్గా వినపడుతుందంటే పదిహేనేళ్ల పిల్ల కూడా ఇంతేనా అనుకుంటుంది. అక్కడే ప్రమాదం. వినపడే సౌండ్‌ని కాపీ కొట్టబోయి గొంతు బిగించేస్తారు, దవడ బిగుసుకుంటుంది, నవ్వు కాస్తా కీచు అవుతుంది. దయచేసి యూట్యూబ్ చూసి ఈ పాట ఇంట్లో సాధన చేయించకండి. నవ్వుల భాగం ముందు చాలా నెమ్మదిగా, చిన్న గొంతుతో, అయిదారు నోట్స్ ముక్కలుగా చేయాలి, పైన ఉన్న ఈ-ఫ్లాట్ నోట్ చివర్లో చూసుకోవచ్చు. అసలు ఆ వయసుకి కాలేజీ ఆడిషన్లో ఈ పాటే పాడాలని రూలేం లేదు, మీ పాప గొంతుకి సరిపోయే పాట బాగా పాడితే ఎదుట కూర్చున్నవాళ్లు అదే చూస్తారు, భయపడకండి. పాడాక గొంతు బొంగురుపోయి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే తేనె, మిరియాలు అంటూ కూర్చోకుండా ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి.

ఆ పాటనే 1974లో మోరీన్ బ్రెన్నన్ పాడింది వినండి, సిటీ ఆపెరా రికార్డింగ్‌లో ఎరీ మిల్స్ పాడింది వినండి, 1989లో జూన్ ఆండర్సన్. నలుగురూ నాలుగు రకాలు. ఏడుపు నుంచి నవ్వుకి మారే ఆ ఒక్క చోట ఎవరు ఎంతసేపు ఆగారో గమనించండి చాలు, కాపీ కొట్టాలనే ఆలోచన పోయి పాట అర్థమవడం మొదలవుతుంది.

అపోహ: కంపోజరే కండక్ట్ చేశాడు కాబట్టి 1989దే ఫైనల్.

1989 డిసెంబర్‌లో లండన్‌లో బెర్న్‌స్టైన్ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగ్ ఇది, మరుసటి ఏడాది అక్టోబర్‌లో ఆయన పోయాడు. జెర్రీ హ్యాడ్లీ, క్రిస్టా లుడ్విగ్, నికొలాయ్ గెడ్డా, పెద్ద పెద్ద పేర్లు. దానితోపాటు ఇచ్చిన కాన్సర్ట్ రోజుల్లో సింగర్స్‌లో చాలామందికి ఫ్లూ, అదీ గుర్తుపెట్టుకుని వినాలి. ఆర్కెస్ట్రా కోసం, కోరస్ కోసం నేను మళ్లీ మళ్లీ పెట్టుకునేది ఇదే, చివర్లో "మేక్ అవర్ గార్డెన్ గ్రో"లో ఆర్కెస్ట్రా ఆగిపోయి గొంతులు మాత్రమే మిగిలే చోటు వింటే ఎన్నిసార్లైనా కళ్లు చెమరుస్తాయి. కానీ అది కాన్సర్ట్ హాలు టెంపో, అంటే వేగం. 71 ఏళ్ల మనిషి తన మ్యూజిక్‌ని వెనక్కి తిరిగి చూసుకుంటూ చాలా చోట్ల నెమ్మదిగా నడిపించాడు. 1956లో షోని కండక్ట్ చేసింది కూడా ఆయన కాదు, శామ్యూల్ క్రాచ్‌మల్నిక్, ఆ ఓవర్‌చర్‌లో పరుగు ఉంటుంది, తెర లేచే లోపు జనాన్ని సీట్లలో కూర్చోబెట్టే పరుగు. స్టేజి మీద డాన్స్ చేస్తూ పాడాల్సిన పిల్లలు 1989 టెంపోకి అలవాటు పడితే రిహార్సల్లో వెనకబడిపోతారు.

మిగతావి గబగబా చెప్పేస్తా.

"ఆపెరా సింగర్స్ పాడితే మ్యూజికల్ పాడైపోతుంది" అంటారు. క్యాండీడ్ రాసిందే అలాంటి గొంతులకి, 1956లో ఓల్డ్ లేడీ పాత్ర వేసిన ఇర్రా పెటీనా, క్యాండీడ్ పాత్ర వేసిన రాబర్ట్ రౌన్స్‌విల్ ఇద్దరూ ఆపెరాలో పాడినవాళ్లే.

"రెండు రికార్డింగుల్లో అదే నటులుంటే ఏదైనా ఒకటే" అంటారు. మై ఫెయిర్ లేడీ 1956 న్యూయార్క్‌ది మోనో, 1959 లండన్‌ది స్టీరియో, రెండిట్లోనూ రెక్స్ హారిసన్, జూలీ ఆండ్రూస్. ఒకసారి వెంటవెంటనే వినండి, ఇద్దరి పాడే తీరూ మారిపోయి ఉంటుంది.

"స్ట్రీమింగ్ యాప్‌లో ఒరిజినల్ అని రాసుంది కదా" అంటారు. ఆ లేబుల్ చూడకండి, కండక్టర్ పేరు, సంవత్సరం చూడండి.

"కరావోకే ట్రాక్‌తో ప్రాక్టీస్ చేస్తే సరిపోతుంది" అనేది ఇంకోటి. ట్రాక్ కీ (శ్రుతి), మీ స్కోరు కీ ఒకటేనా అని ముందు పియానో మీద చెక్ చేయించుకోండి, పాటలో ఎక్కడెక్కడ ముక్కలు కట్ చేశారో కూడా.

ఇక ఏది కొనాలని అడిగేవాళ్లకి: మాటల్లో చమత్కారం కావాలంటే 1956, స్టేజి మీద ఎలా నడుస్తుందో తెలియాలంటే 1974, ఆపెరా హౌస్ వెర్షన్ వేస్తున్నవాళ్లకి జాన్ మౌచెరీ కండక్ట్ చేసిన సిటీ ఆపెరా రికార్డింగ్, ఆర్కెస్ట్రా కోసం 1989. నేర్చుకోవడానికైతే కనీసం రెండు వినండి, స్కోరు చేతిలో పెట్టుకుని, తర్వాత ఆపేసి పియానోతో నేర్చుకోండి. స్కోరు ఇంకా రాకపోతే వచ్చేదాకా ఏదీ కంఠస్థం పట్టించకండి, కథ చదివించండి, ఊరికే విననివ్వండి. వచ్చాక ఏ వెర్షనో తేలకపోతే మొదటి పేజీ, పాటల లిస్టు ఫోటో తీసి నాకు పంపండి, చూసి చెప్తాను.