మొగం చూసి మార్కులేసే ఉర్లగడ్డ

పలమనేరు దాటాక వచ్చే వి.కోట దగ్గర పల్లెలో మా పెదనాన్న కొడుకు ఏటా ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, వేస్తాడు. పోటీలకు పెట్టేదానికని ప్రత్యేకంగా ఉర్లగడ్డలు పండించేవాళ్లు ఉన్నారని చెబితే ఆయన నమ్మలేదు. "తినేదానికి కాదా? ఉర్లగడ్డకి మొగం చూసి మార్కులేస్తారా?" అన్నాడు.

వేస్తారన్నా, అక్షరాలా అదే చేస్తారు. బ్రిటన్‌లో కూరగాయల పోటీల పిచ్చి ఎంతుందంటే, దానికోసమే 1960లో నేషనల్ వెజిటబుల్ సొసైటీ అని ఒక సంఘం పెట్టుకున్నారు. అందరికంటే పెద్ద గడ్డకు బహుమతి అనుకుంటాం కదా, అది వేరే పోటీ. ఇక్కడ గడ్డ రెండొందల గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటే చాలు. ప్లేటులో పెట్టినవన్నీ కవల పిల్లల్లా ఉండాలి. తొక్క నున్నగా ఉండాలి, కళ్లు లోతుగా ఉండకూడదు, మచ్చ కనబడకూడదు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఒకే మొక్క కింద కాసిన గడ్డలన్నీ నిజంగానే కవలలు. జన్యువుల్లో తేడా ఉండదు. అయినా ఒకటి కోడిగుడ్డులా, ఇంకొకటి అల్లం కొమ్ములా వస్తాయి. అంటే ఆ తేడాలన్నీ మట్టి, నీళ్లు, వేడి కలిసి తెచ్చిపెట్టినవే. పోటీ రైతు చేసే పనల్లా వాటి చేయి పడకుండా చూసుకోవడమే.

ఎలాగో తెలియాలంటే ముందు గడ్డ ఏమిటో చూడాలి. ఒక ఉర్లగడ్డ తీసుకుని, స్కెచ్ పెన్నుతో ఒక కన్ను నుంచి పక్క కంటికి గీత గీస్తూ పోండి. గీత గడ్డ చుట్టూ మెలి తిరుగుతుంది. కొమ్మ మీద ఆకులు మెలికగా పుట్టుకొచ్చే వరసే ఇది. ప్రతి కంటి మీదా కనుబొమలా కనిపించే గీత, ఒకప్పుడు అక్కడున్న చిన్న ఆకుపొర గుర్తు. గెనుసుగడ్డ వేరు కాబట్టి దానికి ఇలాంటి కళ్లుండవు. ఉర్లగడ్డ మాత్రం వేరు కాదు, మట్టిలో దాక్కున్న కాండం.

మొక్క అడుగు నుంచి తెల్లటి సన్న తీగలు మట్టిలో అడ్డంగా పాకుతాయి. ఒక దశలో కొస సాగడం ఆపి ఉబ్బడం మొదలెడుతుంది. అదే గడ్డ. ఉబ్బేచోట రాయి తగిలితే అక్కడ సొట్ట పడుతుంది. మధ్యలో మట్టి ఎండి, మళ్లీ నీళ్లు పడితే, ఆగిన గడ్డ కంటి దగ్గర కొత్తగా పెరిగి బొడిపెలు కడుతుంది. అందుకే అక్కడివాళ్లు నేలనే నమ్మరు. చిత్తడి నేలల్లో నాచు కుళ్లి తయారయ్యే పీట్‌ను జల్లెడ పట్టి, పాలిథిన్ సంచుల్లో నింపి, సంచికి ఒక్క విత్తనపు గడ్డే పెడతారు. మొలకలు ఎక్కువుంటే కొన్ని గిల్లేస్తారు. కాండాలు తగ్గితే గడ్డల సంఖ్య తగ్గి, ఒక్కొక్కటి బాగా ఊరుతుంది.

నేను పోయిన నవంబరులో తిరుపతిలో మా మిద్దె మీద కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొట్టు, నింపిన నాలుగు సంచుల్లో కుఫ్రీ జ్యోతి పెట్టాను. 1968లో సిమ్లా పరిశోధన సంస్థ విడుదల చేసిన ఉర్లగడ్డ రకం. కళ్లు పైపైనే ఉంటాయి, పోటీకి అందమే. ఆకులు గుబురుగా వచ్చాయి. జనవరి ఆఖరుకు నాలుగు సంచుల్లో కలిపి దొరికినవి 19. అందులో పన్నెండు నిమ్మకాయంత కూడా లేవు.

తప్పు రాత్రులది. గడ్డ కట్టమనే కబురు ఆకుల్లో పుట్టి కిందికి దిగుతుంది. ఆ కబురు మోసే ప్రోటీన్‌ను 2011లో గుర్తించారు. ఎస్‌పీ6ఏ అంటారు. మొక్కల్ని పూత పూయించే ప్రోటీన్‌కు ఇది దగ్గరి చుట్టం. వేడి ఎక్కువైతే ఆకులో దీని తయారీ తగ్గిపోతుంది. రాత్రి చల్లగా ఉంటేనే పని సాగుతుంది. తిరుపతి ఎత్తు 200 మీటర్లు కూడా లేదు, పైగా నాది పగలంతా కాగిన మిద్దె. మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరితే దాదాపు 700 మీటర్లు, ఒంటికి తెలిసిపోయేంత చల్లదనం. అన్న పొలంలో ఏ హంగూ లేకుండా గడ్డ ఊరడానికి అదొక కారణం.

అన్న గడ్డలకు ఉన్న చిక్కు గజ్జి మచ్చలు. తొక్క మీద బెండులా గరుకుగా లేస్తాయి. అది స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా పని. తొలకరి పడగానే కమ్మగా వచ్చే మట్టివాసన చాలావరకు ఈ కుటుంబం చలవే, స్ట్రెప్టోమైసిన్ మందు ఇచ్చిందీ దీని చుట్టమే. గడ్డ కట్టే మొదటి వారాల్లో మట్టి ఎండితే, క్షారగుణం ఎక్కువుంటే, గజ్జి రేగుతుంది. మా పెద్దమ్మ పొయ్యి బూడిదంతా ఆ మడిలోనే పోస్తుంది. బూడిద క్షారమే. ఆ మాట ఆమెతో చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

పైమొక్క కోసేసి రెండు వారాలు గడ్డను మట్టిలోనే వదిలేయాలి. అప్పటికి తొక్క కింద పెరిగే కణాల పొర పని ఆపేసి, తొక్క గట్టిగా అంటుకుంటుంది. తొందరపడి తవ్వితే బొటనవేలు తగిలినా ఊడొస్తుంది. కడిగేటప్పుడూ బ్రష్ వాడరు, మెత్తటి స్పాంజే.

నా పంటలో ఒకేలాంటివి రెండు దొరికాయి. జోడీ కుదిరిందన్న సంబరంలో మూడోదాని కోసం వెతుకుతూ, ఆ రెంటినీ కిటికీ దగ్గర పెట్టి మర్చిపోయాను. వారం తర్వాత చూస్తే ఒకదాని భుజం పచ్చబడింది. వెలుగు తగిలింది కదా, కాండం బుద్ధి పోనిచ్చుకోక పత్రహరితం తయారుచేసుకుంది. ఆ పచ్చదనంతో హాని లేదు గానీ, అదే వెలుగుకు లోపల సోలనిన్ అనే విషం కూడా పెరుగుతుంది, ఉడికించినా పోదు. దాన్ని పారేశాను. రెండోదాన్ని మా ఆవిడ వేపుడులో వేసేసింది.