ప్రైమరీ స్కూల్లో ఒక ఏడాది: ఒక హెడ్‌మాస్టర్ అపోహలు - వాస్తవాలు

పరీక్షలైపోయాయి, బీరువాలకు తాళాలు పడ్డాయి. రోజూ నాలుగు ముక్కలు రాసుకునే నా నోటుబుక్కు తిరగేస్తున్నాను. విరిగిన బెంచీ, ఫిర్యాదుతో వచ్చిన తండ్రి, వార్షికోత్సవం టెన్షన్, ఇలా గొడవైనవన్నీ అందులో ఉన్నాయి. చప్పుడు లేకుండా జరిగిపోయినవి దాదాపు లేవు. ఈ ఏడాది నేను చేసిన తప్పులు చాలావరకు అక్కడే జరిగాయి. నేను నమ్మినవీ, తల్లిదండ్రుల నోటా టీచర్ల నోటా విన్నవీ కొన్ని మాటలు ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: బడి తెరిచిన రోజు నుంచే సిలబస్ పరుగెత్తాలి.

వాస్తవం: సెలవుల్లో పిల్లలు కొంత మర్చిపోయే వస్తారు. అది బద్ధకం కాదు. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అర్థం లేని అక్షరాల ముక్కల్ని తనే బట్టీపట్టి, ఎంత మర్చిపోతున్నాడో తనే కొలుచుకుని 1885లో అచ్చు వేశాడు. నేర్చుకున్న కొత్తలో మరుపు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మధ్యమధ్యలో మళ్లీ గుర్తుచేసుకుంటే చదివింది నిలుస్తుంది. మా దగ్గర ఒక టీచర్ మొదటి రెండు వారాలు పాత పాఠాలకీ, చెయ్యెత్తి అడగడం, పుస్తకాలు పంచడం, లైన్లో నడవడం లాంటి అలవాట్లకీ ఇచ్చేశారు. సిలబస్ వెనకపడుతుందని నేను లోపల్లోపల గొణుక్కున్నాను. సగం ఏడాదికల్లా ఆవిడ క్లాసు మిగతా సెక్షన్లను అందుకుంది. మొదటి రోజే రెండో పాఠం ఎత్తుకున్న సెక్షన్‌లో మాత్రం "సైలెన్స్, సైలెన్స్" అన్న కేక ఏడాది చివరిదాకా వినిపిస్తూనే ఉంది.

అపోహ: హాజరు 94 శాతం ఉందంటే ఇక చూడాల్సిందేమీ లేదు.

వాస్తవం: ఈ అపోహ నాది. నెలాఖరున రిజిస్టర్ మీద సంతకం పెడుతూ ఆ అంకె చూసి సంతృప్తి పడేవాణ్ణి. ఒకరోజు కాగితం మీద లెక్క వేసి చూశాను. క్లాసులో 30 మంది ఉన్నారనుకోండి. అందులో 24 మంది 98 శాతం రోజులు వచ్చి, ఆరుగురు 78 శాతం రోజులే వస్తే, సగటు సరిగ్గా 94. ఏడాదికి 200 పని దినాలు అనుకుంటే ఆ ఆరుగురూ ఒక్కొక్కరు 44 రోజులు బడికి రానట్టు. అంటే రెండు నెలల చదువు. అంకె మాత్రం అందంగానే ఉంటుంది.

చిన్న క్లాసే కదా, ఒకరోజు మానేస్తే ఏం పోతుందని చాలామంది అంటారు. పోయేది ఆ ఒక్క రోజు పాఠమే అయితే ఇబ్బంది లేదు. కూడికలో చేతిలో పదులు ఉంచుకోవడం చెప్పిన రోజు రాని పిల్లకి తర్వాత వారమంతా బోర్డు మీద ఏం జరుగుతోందో అర్థం కాదు. అర్థం కాని చోట కూర్చోవడం ఎవరికైనా కష్టమే. మర్నాడు కడుపునొప్పి అంటుంది. ఒక్కోసారి ఆ నొప్పి నిజమే కూడా.

ఆ లెక్క చూశాక సగటు చూడటం మానేశాను. ఇప్పుడు ప్రతి శుక్రవారం పేర్లు చూస్తాను. రెండు వారాల్లో మూడు రోజులు రాని పిల్లల ఇంటికి నేనే ఫోన్ చేస్తాను. మొదట్లో "ఎందుకు పంపలేదు" అని అడిగేవాణ్ణి, అవతల ఏవో సాకులు వచ్చేవి. "పిల్లాడు కనిపించలేదు, బాగున్నాడా" అని అడగడం మొదలుపెట్టాక అసలు కారణాలు బయటపడ్డాయి. పొద్దున్నే పనికి వెళ్లే తల్లి, తమ్ముణ్ణి చూసుకునే అక్క, బస్సులో ఏడిపించే పెద్ద పిల్లాడు. వీటిలో కొన్ని మేం సర్దగలిగాం, కొన్ని సర్దలేకపోయాం.

అపోహ: గడగడా చదివేస్తున్నాడంటే చదవడం వచ్చినట్టే.

వాస్తవం: రెండో తరగతిలో ఒకబ్బాయి వేలు పెట్టి మరీ పాఠమంతా చదివాడు. ఎందుకో అనుమానం వచ్చి, కింది నుంచి రెండో లైను చూపించి ఇది చదవమన్నాను. ఆగిపోయాడు. పాఠం మొత్తం వినీ వినీ నోటికొచ్చేసింది, అక్షరాలు మాత్రం పట్టుబడలేదు. అదే క్లాసులో ఒకమ్మాయి ఏ కాగితం ఇచ్చినా తప్పు లేకుండా చదువుతుంది, ఇప్పుడు చదివినదాంట్లో ఎవరు ఎక్కడికి వెళ్లారని అడిగితే మొహం చూస్తుంది.

గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో దీన్ని చాలా సులువుగా చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాన్ని మాటగా మార్చడమూ, ఆ మాట విని అర్థం చేసుకోవడమూ, ఈ రెండిటి లబ్ధం. కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. ఆ అబ్బాయికి కావాల్సింది అక్షరాల మీద, శబ్దాల మీద ఓపికగా పని. అమ్మాయికి కావాల్సింది కథలు, కబుర్లు, కొత్త మాటలు. మేం ఏం చేశామంటే, ఇద్దర్నీ "వెనకబడినవాళ్లు" అనే ఒకే గ్రూపులో వేసి, అదే పాఠం ఇంకా నెమ్మదిగా, ఇంకా గట్టిగా చెప్పాం. ఒక టర్మ్ అలాగే పోయింది.

అపోహ: కొందరు పిల్లలు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారు. ఎవరి పద్ధతిలో వాళ్లకి చెప్పాలి.

వాస్తవం: పిల్లలకి ఇష్టాలుంటాయి, అది నిజమే. కానీ ఆ ఇష్టాన్ని బట్టి పాఠం మారిస్తే ఎక్కువ నేర్చుకుంటారన్నదానికి తగిన ఆధారం లేదని 2008లో పాష్లర్ అనే మనస్తత్వవేత్త బృందం ఉన్న పరిశోధనలన్నీ జల్లెడ పట్టి తేల్చింది. భిన్నాలు చెప్పాలంటే కాగితం మడిచి అందరికీ చూపించాల్సిందే. ఈ "ఎవరి పద్ధతి వాళ్లకి" అన్నదాని మీద ట్రైనింగ్ పెట్టించి ఒక శనివారం అంతా టీచర్లను కూర్చోబెట్టింది నేనే. వాళ్లు ఇంకా గుర్తుచేస్తుంటారు.

అపోహ: ఒకటో తరగతిలోనే తెలిసిపోతుంది ఎవరు చురుకో, ఎవరు కాదో.

వాస్తవం: ఒకే తరగతిలో అందరికంటే పెద్దపిల్లకీ చిన్నపిల్లకీ దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. అయిదేళ్ల పిల్లకి ఏడాదంటే బతికిన కాలంలో అయిదో వంతు. ఒకటో తరగతి టీచర్లతో కూర్చుని, "నెమ్మది" అని వాళ్లు రాసిన పేర్ల పక్కన పుట్టినతేదీలు రాయించాను. ఆ పేర్లలో సగానికి పైగా క్లాసులో వయసు తక్కువున్న వాళ్లవే. తర్వాత ఆ జాబితా గురించి ఎవరూ మాట్లాడలేదు.

అపోహ: హోంవర్క్ ఎంత ఎక్కువిస్తే అంత మంచి బడి.

వాస్తవం: ప్రైమరీలో హోంవర్క్‌కీ మార్కులకీ సంబంధం పెద్ద తరగతులతో పోలిస్తే చాలా బలహీనం. కాసేపు ఎవరైనా పక్కన కూర్చుని చదివిస్తే చాలు. ఈ మాట పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదనుకోండి.

అపోహ: నిశ్శబ్దంగా ఉన్న క్లాసులో పాఠం బాగా సాగుతున్నట్టు.

వాస్తవం: వరండాలో నడుస్తూ ఏ గదిలోంచి చప్పుడు రాకపోతే ఆ గది దాటి వెళ్లిపోయేవాణ్ణి. మూడో తరగతిలో చివరి బెంచీ అబ్బాయి అలాంటి గదిలోనే ఉన్నాడు. అల్లరి లేదు, నోట్సు నీటుగా ఉంటుంది, మార్కులు మాత్రం పడిపోతున్నాయి. ఏడాది ముగియడానికి నెల ముందు, సెలవు పెట్టిన టీచర్ బదులు ఆ క్లాసు నేను తీసుకున్నాను. అప్పుడు చూశాను, వాడు బోర్డు వైపు తలే ఎత్తడం లేదు. పక్కవాడి పుస్తకం చూసి అచ్చంగా దించుకుంటున్నాడు, వాడి తప్పులతో సహా. కళ్లజోడు వచ్చేసరికి పరీక్షలు మొదలైపోయాయి.

అపోహ: ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చేస్తే ఏడాది అయిపోయినట్టే.

వాస్తవం: మార్కులు పై తరగతి టీచర్‌కి చెప్పేది చాలా తక్కువ. అందుకే ఈసారి ప్రతి క్లాస్ టీచర్నీ, ఒక్కో పిల్లాడి గురించి రెండు లైన్లు చేత్తో రాసి, తర్వాతి టీచర్‌కి ఎదురుగా కూర్చుని ఇవ్వమన్నాను. అందరూ విసుక్కున్నారు, ఇద్దరు ముగ్గురు ఇంకా ఇవ్వలేదు. మూడో తరగతి కట్ట నా టేబుల్ మీదే ఉంది. ఆ అబ్బాయి కాగితం మీద ఇలా ఉంది: "కళ్లజోడు సంచిలో దాచేస్తాడు. కనపడుతోందా అని అడిగితే ఆఁ అంటాడు. ముందు బెంచీ."