క్రిస్మస్ గురించి మా సంఘంలో ఏటా వినే అపోహలు, వాస్తవాలు

నవంబరు ఆఖరి వారం వచ్చిందంటే మా యూత్ పిల్లలు స్టార్లు కట్టడం మొదలుపెడతారు, క్యారల్స్‌కి ఏ రాత్రి ఏ వీధి, ఎవరింట్లో టీ, ఎవరింట్లో భోజనం అని లిస్టు రాసుకుంటారు. పాస్టరుగా ఇరవై ఏళ్లకు పైగా ఈ సందడి చూస్తున్నాను, నాకు ఇష్టమే. కానీ మనసును కష్టపెట్టే మాటలు కూడా ఈ నెలలోనే ఎక్కువ వింటాను. కొన్ని చరిత్ర తెలియక అనేవి, వాటితో పెద్ద నష్టం లేదు. కొన్ని మాత్రం మనిషిని గుడికి రాకుండా ఆపేస్తాయి.

అపోహ: యేసు పుట్టింది డిసెంబరు 25నే.

బైబిల్లో తేదీ లేదు. సువార్తలు రాసినవాళ్లలో మత్తయి, లూకా ఇద్దరూ ఆయన పుట్టుక గురించి రాశారు, ఇద్దరూ నెల కూడా చెప్పలేదు. రోములో డిసెంబరు 25న ఈ పండగ ఉన్నట్టు దొరికే పాత ఆధారం క్రీ.శ. 336 నాటిది. అర్మేనియా సంఘం ఇప్పటికీ జనవరి 6న చేస్తుంది, ఈజిప్టు కోప్టిక్ సంఘం, రష్యా ఆర్థడాక్స్ సంఘం జనవరి 7న చేస్తాయి. తేదీ తెలియదు కాబట్టి పండగే తప్పు అని వాదించేవాళ్లకు ఒకటే చెప్తాను. బళ్లో అయ్యవారు వేసిన తేదీనే పుట్టినరోజుగా చెప్పుకునే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది లేరు? వాళ్లు పుట్టలేదంటామా?

అపోహ: ముగ్గురు జ్ఞానులు ఆ రాత్రే పశువుల పాకకు వచ్చారు.

ముగ్గురని ఎక్కడా లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు ఉన్నాయి కాబట్టి మనుషుల్నీ ముగ్గుర్ని చేశాం. మత్తయి ప్రకారం వాళ్లు వచ్చింది ఒక ఇంటికి. పిల్లల నాటకంలో గొల్లల్నీ జ్ఞానుల్నీ ఒకే సీనులో నిలబెడితే నాకేం అభ్యంతరం లేదు.

అపోహ: సత్రం యజమాని మరియమ్మను గెంటేశాడు.

కథలో యజమానే లేడు. మన తెలుగు బైబిల్లో సత్రం అని ఉన్నచోట గ్రీకులో ఉన్న మాట 'కతాలుమ'. అదే మాట లూకా 22వ అధ్యాయంలో, యేసు శిష్యులతో కలిసి తిన్న పస్కా పండగ భోజనం దగ్గర వస్తే మనవాళ్లు 'విడిది గది' అని తర్జుమా చేశారు. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు గాయపడినవాణ్ణి తీసుకెళ్లిన పూటకూళ్ల ఇంటికేమో గ్రీకులో పూర్తిగా వేరే మాట ఉంది. అందుకే అది చుట్టాలు దిగే గది అయ్యుండొచ్చని చాలామంది పండితులు అంటారు. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉండే ఇళ్లు ఆ ప్రాంతంలో మామూలే. ఇది మా ఊరివాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు, చుట్టాలతో ఇల్లు నిండిపోతే కొట్టంలో మంచం వేసుకుని పడుకున్నవాళ్లే అందరూ.

అపోహ: కొత్త బట్టలు లేకుండా క్రిస్మస్ ఆరాధనకు రాకూడదు.

ఈ మాట ఏ పాస్టరూ ప్రసంగంలో చెప్పడు, అయినా సంఘం మొత్తం నమ్ముతుంది. కూలికి వెళ్లే ఒకావిడ ఏ ఆదివారమూ మానదు, ఒక ఏడాది క్రిస్మస్ రోజున మాత్రం కనిపించలేదు. తర్వాత అడిగితే, "పిల్లలకి వడ్డీకి తెచ్చి బట్టలు కొన్నానయ్యగారూ, నాకు చీర కుదర్లేదు, అందరి మధ్యలో ఎట్టా కూర్చోను" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే తప్పు ఆమెది కాదు, మాది.

లూకా 2వ అధ్యాయం చదవండి. బిడ్డ పుట్టాక మరియ, యోసేపు దేవాలయానికి వెళ్లి అర్పించింది పక్షుల్ని. లేవీయకాండం 12 ప్రకారం అక్కడ గొర్రెపిల్లను ఇవ్వాలి, అంత స్తోమత లేనివాళ్లు రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తెస్తే చాలు. అంటే ప్రభువు పెరిగింది గొర్రెపిల్లను కొనలేని ఇంట్లో. దూత మొదట కబురు చెప్పింది కూడా రాత్రిపూట పొలంలో మంద కాసుకునేవాళ్లకు. వాళ్లు ఉన్న బట్టలతోనే పరుగెత్తి వెళ్లారు. ఆవిడ రాని ఆ ఏడాది నుంచి, లేనివాళ్లు చిన్నబోకూడదని, మా గుడిలో పండగ కానుకలు ఇచ్చినవాళ్ల పేర్లు చదవడం మానేశాం.

అపోహ: ఎంత ఘనంగా చేస్తే దేవునికి అంత మహిమ.

ఇలా అనేవాళ్లు మెదక్ చర్చిని చూపిస్తారు. ఆ చర్చి వెనక కరవు ఉంది. బ్రిటిష్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ అయ్యగారు దాని నిర్మాణంలో తిండి లేనివాళ్లకు పని ఇచ్చారు, పనితో పాటు అన్నం పెట్టారు. అలా లేచిన గుడిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. మనం ఒక్క రాత్రి సీరియల్ సెట్లకూ సౌండ్ బాక్సులకూ పోసే డబ్బుతో మన వీధిలో ఎవరి కడుపు నిండుతుందో మరి.

శాంటా, చెట్టు, కేకు గురించి కూడా అడుగుతుంటారు. ఇవి ఆచారాలు, ఉన్నా పాపం లేదు, లేకపోయినా లోటు లేదు. శాంటా వెనక ఉన్న నికొలస్ మాత్రం నిజమైన మనిషి, ఇప్పటి టర్కీలోని మైరాలో 4వ శతాబ్దపు బిషప్పు.

అపోహ: చావు జరిగిన ఇంట్లో ఆ ఏడాది క్రిస్మస్ లేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇది. ఏడాది తిరిగేదాకా స్టార్ కట్టరు, పిండివంటలు చేయరు, క్యారల్స్ వాళ్లు కూడా ఆ గుమ్మం దగ్గర పాట ఆపేసి పక్కింటికి పోతారు. ఇలాంటి నియమం బైబిల్లో ఎక్కడా లేదు. వంటలు చేయబుద్ధి కాకపోతే మానేయండి, దుఃఖం దుఃఖమే. కానీ పుట్టినవాడికి ఇమ్మానుయేలు అని పేరు, దేవుడు మనకు తోడు అని అర్థం. ఆ తోడు కావలసింది భర్తను మట్టిలో పెట్టి వచ్చిన ఇంటికి కాకపోతే ఇంకెవరికి? మత్తయి రాసిన క్రిస్మస్ కథలోనే హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్ల లోపు మగపిల్లల్ని చంపించాడు, తల్లుల ఏడుపు ఆ కథలోనే ఉంది, మనం నాటకాల్లో ఆ భాగం వేయం కాబట్టి మర్చిపోయాం.

మూడేళ్లుగా మా క్యారల్స్ మొదలయ్యేది అలాంటి ఇళ్లతోనే. డ్రమ్ములు వ్యాన్‌లోనే ఉంచుతాం, నలుగురం లోపలికి వెళ్లి ఒక్క పాట మెల్లగా పాడి, ప్రార్థన చేసి, కాసేపు కూర్చుంటాం. మొదటి ఏడాది ఒక పెద్దావిడ తలుపు తీసి, "మా ఇంటికి రారనుకున్నా అయ్యా" అని మా చేతులు పట్టుకుని ఏడ్చింది, తర్వాత లోపలికి వెళ్లి స్టూలు మీద ఉన్న ఆయన ఫోటో పక్కన కొవ్వొత్తి వెలిగించి, మరో పాట పాడమంది.