తువాలు కింద బేరం

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

ఫోనులో ఆట దించుకునేటప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడి మీద వేలు నొక్కానని, సంతకం, సాక్షి, కాగితం ఏవీ లేని ఆ ఒప్పందం నిజంగా చెల్లుతుందా అని చిన్ని అడిగింది. దానికి జవాబు నేను పదేళ్ళ వయసులో పశువుల సంతలో చూశాను.

కోడెల జత కొనడానికి నాన్నగారు నన్ను వెంట తీసుకువెళ్ళారు. దళారి ఆయన చేతిని తన తువాలు కిందికి తీసుకుని, ధర నలుగురికీ తెలియకుండా వేళ్ళు నొక్కుతూ బేరం సాగించాడు. నాన్నగారు ఒక వేలు విడిపించుకునేవారు, అతను మళ్ళీ పట్టుకునేవాడు. తువాలు తీసేసరికి బేరం కుదిరింది, బజానా చేతులు మారింది, సాయంత్రానికి పలుపు మా చేతికి వచ్చింది. ఒక్క అక్షరం ఎవరూ రాయలేదు.

1872 నాటి మన కాంట్రాక్టు చట్టం చూసేదీ ఇంచుమించు అదే. ఒకరు ప్రతిపాదించారా, ఇంకొకరు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా, ప్రతిఫలం, అంటే ఇచ్చినదానికి బదులుగా వచ్చేది, ఉందా, పని న్యాయసమ్మతమేనా అని అడుగుతుంది. భూమి అమ్మకం వంటి వాటికి రాత, రిజిస్ట్రేషను తప్పవు గానీ, చాలా ఒప్పందాలకు కాగితం అక్కరలేదు. తువాలు ఎంత పొడవైనా, దాని కింద రెండు చేతులు కలిశాయా లేదా అన్నదే ముఖ్యం. ఉత్తరాలలోనైతే అంగీకారాన్ని టపాలో వేసిన క్షణంలోనే ప్రతిపాదించినవాడు కట్టుబడతాడు. 1959లో అహ్మదాబాదు వర్తకులు ఖాంగావ్‌కు ఫోను చేసి పత్తిగింజల చెక్క బేరమాడితే, తగాదా వచ్చి, ఆ ఒప్పందం ఏ ఊళ్ళో కుదిరినట్టన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ‘సరే’ అన్న మాట వినబడిన అహ్మదాబాదులోనే కుదిరిందని 1965లో తీర్పు వచ్చింది. చట్టంలోని పాత మాటలు అందుకు ఒప్పవని జస్టిస్ హిదయతుల్లా విభేదించారు.

2000 నాటి ఐటీ (సమాచార సాంకేతిక) చట్టానికి 2008లో చేసిన సవరణ, ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టివేయరాదన్నది. బాక్సైటు సరఫరాకు ఈమెయిళ్ళలో కుదిరిన బేరం, సంతకాల పత్రం తయారుకాకపోయినా, చెల్లుతుందని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది.

అయితే దళారి ముఖం నాన్నగారికి కనబడేది. ఫోనులో ఎదుటివారి ముఖం కనబడదు, పేజీల కొద్దీ షరతులను మాత్రం మన ముందు పరుస్తారు. అది నాకు న్యాయంగా తోచదు. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని కొనుగోలుదారు అంగీకారంగా లెక్కించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెప్పినందుకు నేను ఎంతో సంతోషించాను.

ఆ రోజు సంతలో నేనూ సరదాపడి తువాలు కింద చేయి పెట్టాను. దళారి నా వేళ్ళను మెల్లగా వదిలేసి, “మీ నాన్నను రమ్మను బాబూ” అన్నాడు. మైనరు చేసిన ఒప్పందం మొదటినుంచీ చెల్లనిదేనని 1903లోనే, బ్రిటిషు కాలంలో మనకు పైకోర్టుగా ఉన్న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ చెప్పింది. కనుక చిన్నీ, నువ్వు నొక్కినది నిన్ను కట్టిపడేయదు. కానీ ఆ ఫోనులో అమ్మ బ్యాంకు ఖాతా ఉంది, పోయిన డబ్బును రాబట్టుకోవడం తేలిక కాదు.

ఈ ఆదివారం అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఆట షరతులను తెరవండి. డబ్బు గురించి, రద్దు గురించి, మీ వయసు గురించి అందులో ఎక్కడ ఏం రాశారో వెతికి, దొరికిన వాక్యాలను మీ చేతిరాతతో నాకు పంపండి.

మీ తాతయ్య